రాత్రి హెలికాప్టర్‌కి దీపాలు పెట్టే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్ను రాత్రిపూట హెలికాప్టర్ దించే గ్రౌండ్ టీమ్‌లో వేశారనీ, నేల మీద పెట్టే బ్యాటరీ దీపాల పెట్టె నీ చేతికే ఇచ్చారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది, కాస్త గుబులుగానూ ఉంది. ఆ పెట్టె నేను చాలా ఏళ్లు మోశాను కదా. మాన్యువల్ ఎలాగూ వాళ్లే ఇస్తారు. అందులో ఒక్క లైన్లో తేల్చేసేవాటి గురించి నేను రాస్తాను.

ముందు నా తప్పు చెప్తా విను. కొత్తలో ఒక రాత్రి మైదానంలో దీపాలు పెట్టి ఎదురు చూస్తున్నాం. హెలికాప్టర్ చప్పుడు దగ్గరికి వచ్చి, మమ్మల్ని దాటిపోతున్నట్టు అనిపించింది. ఆత్రం ఆగక చేతిలో ఉన్న పెద్ద టార్చి తీసి, ఇదిగో ఇక్కడ అన్నట్టు పైకి కొట్టాను. ఆ వెలుగు సూటిగా పైలట్ కళ్లల్లో పడింది. దిగబోతున్నది కాస్తా పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. దిగాక ఆ పైలట్ నన్ను తిట్టలేదు. "మీ టార్చి తప్ప నాకింకేం కనిపించలేదండీ" అన్నారు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. చీకటికి కళ్లు బాగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. ఆ అలవాటు పోవడానికి ఒక్క క్షణం చాలు. కాబట్టి టార్చి ఎప్పుడూ నేల వైపే. వ్యాన్ హెడ్‌లైట్లు హెలికాప్టర్ వచ్చే దిక్కుకి తిరిగి ఉండకూడదు. వ్యాన్ పైన తిరిగే ఫ్లాషర్ లైటు మాత్రం మొదట్లో పనికొస్తుంది, దూరం నుంచి మిమ్మల్ని పట్టుకోవడానికి. "కనిపించారు" అని రేడియోలో వినగానే అదీ ఆపెయ్.

నువ్వు నేల మీద పెట్టే దీపాలు పైలట్‌కి ఒక మాట ఇస్తాయి. వీటి మధ్య గుంట లేదు, రాయి లేదు, తీగ లేదు, మనిషి లేడు అని. అందుకే పెట్టె తెరవకముందే స్థలమంతా కాళ్లతో నడవాలి. వీలైతే పగలే. గడ్డి కింద పాత ఇనుప గుంజ ఉంటుంది, కప్పేసిన కాలువ ఉంటుంది, ఎవరో వదిలేసిన టార్పాలిన్ ఉంటుంది. రోటర్ గాలికి ఆ టార్పాలిన్ లేచి రెక్కలకు చుట్టుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఎంత స్థలం కావాలన్నది హెలికాప్టర్‌ని బట్టి ఉంటుంది. రోటర్లు తిరుగుతుండగా దాని మొత్తం పొడవునే డి అంటారు. యూరప్ నిబంధనల్లో, ముందుగా సర్వే చేయని చోట రాత్రి అంబులెన్స్ హెలికాప్టర్ దిగాలంటే 4డి పొడవు, 2డి వెడల్పు ఉండాలంటారు. హెచ్ 135 మోడల్ లాంటి దానికి డి సుమారు 12 మీటర్లు. అంటే 48 బై 24 మీటర్లు. మీ దగ్గర రూల్ వేరేగా ఉంటే అదే పాటించు, నేను చెప్పాను కదా అని మార్చకు.

చీకట్లో టేపు పెట్టి కొలుస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. నేనేం చేసేవాణ్ణంటే, తాడుకి ముందే ముడులు వేసుకునేవాణ్ణి. పొడవుకి ఒక ముడి, వెడల్పుకి ఒకటి, ఐమూలకి ఒకటి. 48 బై 24కి ఐమూల 53.7 మీటర్లు. రెండు ఐమూలలూ సమానంగా వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టే. ఇదంతా చాదస్తమనుకోకు. చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు పైలట్ ఆ దీపాల ఆకారాన్ని చూసే తను ఏ కోణంలో దిగుతున్నాడో అంచనా వేసుకుంటాడు. ఆకారం వంకర పోతే ఆ అంచనా కూడా వంకర పోతుంది. అసలే చీకటి మధ్య దీపాలు మాత్రమే కనిపిస్తుంటే, ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నట్టు భ్రమ కలిగి మరీ కిందికి వచ్చేసే ప్రమాదం ఉంది. ఒక్క దీపమైతే ఇంకా మోసం. కదలకుండా ఉన్న దీపం కూడా కాసేపు చూస్తే కదులుతున్నట్టే ఉంటుంది. కొలవడం అయ్యాక తాడు చుట్టి వ్యాన్లో పడేసి, ఆ తర్వాతే రేడియో పట్టుకో.

నాలుగు మూలలకీ నాలుగు దీపాలు, పొడుగు వైపుల మధ్యలో ఒక్కొక్కటి. ఇంకొకటి గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు అంచున పెట్టు. సాధారణంగా ఎదురుగాలిలోనే దిగుతారు కాబట్టి దీన్ని చూడగానే దిక్కు తెలుస్తుంది. మీ టీమ్‌కి వేరే పద్ధతి ఉంటే అదే, కానీ ఏ పద్ధతో పైలట్‌కి ముందే తెలిసి ఉండాలి.

రంగు ఆకుపచ్చ. హెలిప్యాడ్ అంచుకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదే ఐకావో, చెప్పే రంగు అదే. ఒకప్పుడు పసుపు ఉండేది. శాశ్వత హెలిప్యాడ్ మీద లైట్లు పాడై నీ దీపాలతో నెట్టుకురావాల్సి వస్తే దీపాల మధ్య ఎడం 5 మీటర్లు మించకూడదు, మేడ మీదైతే 3 మీటర్లు. ఎత్తు తక్కువగానే ఉండాలి. ఎరుపు అడ్డంకులకే ఉంచు. మెరిసే మోడ్ జోలికి పోకు, నిలకడగా వెలగాలి. కొన్ని దీపాల్లో ఒకే బటన్‌ని పొరపాటున రెండుసార్లు నొక్కితే మెరవడం మొదలవుతుంది, చూసుకో.

ఇక గాలి. కొత్తవాళ్లందరూ దెబ్బతినేది ఇక్కడే. దీపం చేతిలో బరువుగానే అనిపిస్తుంది, రోటర్ కింద మాత్రం కాగితం ముక్కే. ఒకసారి తడి గడ్డి మీద రబ్బరు అడుగు ఆనుకుందిలే అని ఒక మూల ఇసుక సంచి వేయలేదు. హెలికాప్టర్ ఇంకా ఇరవై అడుగుల పైన ఉండగానే ఆ దీపం పక్కకి ఒరిగి, డబ్బాలా దొర్లుకుంటూ పోయింది. పైనుంచి చూసేవాళ్లకి మైదానం మూల కదిలిపోతున్నట్టు ఉంటుంది మరి. మెత్తటి నేలలో మేకు దించు, గట్టి నేల మీద ఇసుక సంచి వెయ్. ట్రాఫిక్ కోన్లు, రిబ్బన్లు వద్దు. మంట వచ్చే ఫ్లేర్లు అసలే వద్దు, ఎండుగడ్డి మీదికి ఎగిరి పడితే నీ పని మంటలార్పడమే.

అన్నీ పెట్టాక గాలి పోయే దిక్కుగా వంద అడుగులు నడిచి, గొంతుకూర్చుని వెనక్కి చూడు. అక్కణ్ణుంచి అన్ని దీపాలూ కనిపిస్తే పైనున్నవాళ్లకి తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి లోపించిందంటే దాని ముందు గడ్డి ఉన్నట్టే, కోసెయ్.

పైలట్ నైట్ విజన్ గాగుల్స్, అంటే చీకట్లో చూడటానికి వాడే కళ్లద్దాలు, పెట్టుకున్నారా అని ముందే అడుగు. నీ ఆకుపచ్చ ఎల్‌ఈడీ నీకు ఎంత బాగా వెలిగినా గాగుల్స్‌లో దాదాపు కనిపించకపోవచ్చు. పైలట్లు వాడే చాలా గాగుల్స్ 625 లేదా 665 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి కింది వెలుగుని ఆపేస్తాయి, ఆకుపచ్చ 525 దగ్గర ఉంటుంది. ఎరుపు ఎల్‌ఈడీ అడ్డంకి దీపాలు కూడా గాగుల్స్‌లో కనిపించకపోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2009లో హెచ్చరించింది. అందుకే దీపాల్లో ఇన్‌ఫ్రారెడ్ మోడ్ ఇస్తారు. అది వెలుగుతోందో లేదో మన కంటికి తెలియదు. ఫోన్ ముందు కెమెరాలో చూస్తే చాలావరకు ఊదా రంగు చుక్కలా కనిపిస్తుంది. ఒక్కో దీపాన్నీ అలా చూసుకుంటూ పో.

కరెంటు తీగలు రాత్రి పైనుంచి కనిపించవు. దగ్గర్లో లైను ఉంటే దాని కింద ఫ్లాషర్‌తో ఒక బండి నిలబెట్టు, ఆ ఒక్క ఫ్లాషర్ మాత్రం ఆపకు. రేడియోలో ఎటువైపు, ఎంత దూరం, ఎంత ఎత్తు చెప్పు. పైలట్ తిరిగి అదే మాట చెప్పేదాకా వదలకు.

బ్యాటరీల విషయంలో డబ్బా మీద రాసిన గంటలు నమ్మకు. ఆ లెక్క చాలావరకు తక్కువ వెలుగులో వేసిందే. ఒక రాత్రి అన్నిటినీ ఇంట్లో ఫుల్ వెలుగులో పెట్టి, ఏది ఎప్పుడు ఆరిందో దాని అడుగున మార్కర్‌తో రాసుకో. చలికి ఇంకా తగ్గుతుంది.

హెలికాప్టర్ లేచిపోగానే దీపాలు తీయడం మొదలుపెట్టకు. ఏదైనా తేడా వస్తే వాళ్లకు తెలిసిన చోటు అదొక్కటే, వెనక్కి అక్కడికే వస్తారు. పైలట్ ఇక చాలు అన్నాకే తియ్. పెట్టెలో ఖాళీ గూడు మిగిలితే ఒక దీపం ఇంకా గడ్డిలోనే ఉన్నట్టు. దొరికేదాకా ఎవరూ బండెక్కొద్దు.

మీకొచ్చే హెలికాప్టర్ డి ఎంతో కనుక్కుని మెసేజ్ పెట్టు. నా పాత తాడు ఇంకా గట్టిగానే ఉంది, ముడులు మార్చి పంపిస్తాను.

ఉంటాను,
మావయ్య