రాజుకు అందని ఉదయపు ఫలహారం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి పాఠశాల ప్రదర్శన కోసం 1485 నాటి బాస్వర్త్ యుద్ధం మీద పెద్ద బొమ్మ గీస్తున్నాడు. తెల్లవారుజామున సైనికులు పొడవైన గొడ్డళ్లు పక్కన ఆనించుకుని గుడ్లు, బేకన్, టమాటాలు, బీన్స్ వేయించుకుని తింటూ టీ తాగుతున్నట్టు చూపించాడు. ఆ కాలంలో ఇంగ్లండులో ఈ ఫలహారం ఉండేదా?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: గుడ్లు, బేకన్ ఉంచవచ్చు. టమాటాలు, బీన్స్, టీ మాత్రం తుడిచివేయవలసిందే. టమాటా గానీ, ఇంగ్లండులో నేడు టమాటా రసంతో కలిపి తినే ఆ తెల్ల బీన్స్ గానీ అమెరికా ఖండపు పంటలు. కొలంబస్ అక్కడికి చేరిందే 1492లో, అంటే ఈ యుద్ధం ముగిసిన ఏడేళ్లకు. టీ ఇంగ్లండుకు వచ్చింది 17వ శతాబ్దంలో. ఇక డబ్బా బీన్స్‌ను హైంజ్ సంస్థ లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం ద్వారా మొదట అమ్మింది 1886లో. అప్పట్లో అది సంపన్నులు కొనే విదేశీ సరుకు.

బేకన్, అంటే ఉప్పు పట్టించి నిల్వచేసిన పంది మాంసం, సంగతి వేరు. పల్లె రైతులు శరత్కాలంలో పందులను అడవికి తోలి, ఓక్ చెట్ల కింద రాలిన కాయలు మేపి, నవంబరు నాటికి కోసి, మాంసానికి ఉప్పు పట్టించి, పొయ్యి మీది పొగ తగిలేలా వేలాడదీసేవారు. ఈస్టరు ముందటి ఉపవాస దినాలు మొదలయ్యే వారంలో, సోమవారం నాడు, మిగిలిన ముక్కలను గుడ్లతో వేయించుకుని తినే ఆచారం కూడా అక్కడ ఉండేది. కాబట్టి ఆ రెండింటి జోడీ పాతదే. పాతది కానిది, దానిని రోజూ ఉదయం పళ్లెం నిండా తినడమే. పొద్దున్నే తినడాన్ని మతపెద్దలు తిండిపోతుతనంగా చూసేవారు. వేళ కాకముందే తినడం కూడా ఆ దోషంలో ఒక రకమేనని 13వ శతాబ్దపు క్రైస్తవ మత పండితుడు థామస్ అక్వినాస్ రాశాడు. మధ్యాహ్నానికి ముందు ఒక భోజనం, సాయంకాలం ఒక భోజనం, అంతే. కాయకష్టం చేసేవారికి, పిల్లలకు, వృద్ధులకు, రోగులకు మాత్రం సడలింపు ఉండేది. సైనికుడి చేతిలో రొట్టె, జున్ను, బార్లీతో కాచిన ఏల్ అనే బీరు పెడితే మీ అబ్బాయి బొమ్మ నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఆ యుద్ధం గురించి కొద్ది కాలానికే రాసిన క్రోలండ్ మఠపు చరిత్రలో, యుద్ధం జరిగిన సోమవారం తెల్లవారేసరికి, ఆ రోజే అందులో చనిపోయిన ఇంగ్లండు రాజు మూడవ రిచర్డ్‌కు ప్రార్థన జరిపించవలసిన గురువులు సిద్ధంగా లేరనీ, కుంగి ఉన్న ఆయన మనసును తేరుకునేలా చేసే ఫలహారం కూడా సిద్ధం కాలేదనీ ఉంది. ప్రదర్శనలో ఈ ఒక్క సంగతిని బొమ్మ కింద రాయించండి. చరిత్ర పుస్తకాలలో వంశవృక్షాలు, తేదీలు ఎన్నయినా దొరుకుతాయి గానీ, చావబోయే రాజు ఆకలితో ఉన్నాడన్న మాట అరుదుగా దొరుకుతుంది.

ప్రశ్న: సాలార్‌జంగ్ మ్యూజియంలో కత్తులు, కఠారులు ఎన్నో చూశాను. మధ్యయుగపు ఐరోపాలో మాత్రం కర్ర చివర గొడ్డలి, కొక్కెం, మొన కలిపిన ఆయుధాలే ఎక్కువగా కనిపిస్తాయి. నిలువెల్లా ఉక్కు కవచం తొడిగిన యోధుణ్ణి అవి ఏం చేయగలిగేవి?
– ఒక విద్యార్థి, విద్యానగర్

జవాబు: కవచాన్ని చీల్చడం ఈ ఆయుధాల అసలు పని కాదు, మనిషిని పడగొట్టడం వాటి పని. ఇంగ్లండు కాలిబంటు చేతిలో ఉండేది ‘బిల్’. అది రైతు కంచె కంపలు కొట్టుకునే వంకర కత్తి నుంచి వచ్చింది. మన తోటల్లో కాయలు కోసే దోటిని తలుచుకోండి: దాని కొక్కేనికి బదులు ముందుకు వంగిన బరువైన ఇనుప అలుగు, పైన బల్లెం మొన, వెనుక మరొక కొమ్ము ఉన్నట్టు ఊహిస్తే బిల్ కళ్లకు కడుతుంది. కామకు యాష్ చెట్టు కర్ర వాడేవారు. అది బరువు తక్కువ, దెబ్బకు చిట్లదు. ఇలాంటి ఆయుధాల తలకట్టు నుంచి కిందికి రెండు ఇనుప పట్టీలు దించి, మేకులతో కర్రకు బిగించేవారు. శత్రువు కత్తితో కర్రను నరికి ఆయుధపు తలను ఊడగొట్టకుండా ఆ పట్టీలు కాపాడేవి.

గుర్రం మీది యోధుణ్ణి ఆ వంపుతో కవచపు అంచుకు తగిలించి లాగితే ఆయన నేల మీదికి వచ్చేవాడు. ఆ తరువాత చంకలోనో, గజ్జల దగ్గరో, ముఖకవచపు సందులోనో మొన దిగేది. స్విట్జర్లాండు రైతులు ఇదే పనిని గొడ్డలి, కొక్కెం, మొన కలిసిన హాల్బర్డ్ అనే ఆయుధంతో చేశారు. 1315లో మోర్‌గార్టెన్ కనుమ దగ్గర ఆస్ట్రియా ఆశ్వికులను వారు చెల్లాచెదురు చేశారు. 1477 జనవరిలో నాన్సీ యుద్ధంలో బర్గండీ పాలకుడు చార్లెస్ చనిపోయినప్పుడు ఆయన పుర్రెను హాల్బర్డ్ చీల్చిందని చెబుతారు.

ఇవి పేదవాడి ఆయుధాలన్నది నా దృష్టిలో అన్నిటికన్నా గమనించదగిన విషయం. 1285 నాటి వించెస్టర్ శాసనం అనే ఇంగ్లండు చట్టం 15 నుంచి 60 ఏళ్ల వయసున్న ప్రతి పురుషుడూ తన ఆస్తికి తగిన ఆయుధాలు ఉంచుకోవాలని ఆదేశించింది. ధనికుడికి గుర్రం, ఇనుప చొక్కా, కత్తి విధించి, అందరికన్నా తక్కువ భూమి ఉన్నవాడికి కొడవళ్లు, గిజార్మ్ అనే పొడవు కర్ర ఆయుధం, చాకులు చాలునన్నది. అలాంటివారి బిల్లులే 1513లో ఫ్లాడెన్ దగ్గర స్కాట్లండు సేన పట్టుకొచ్చిన పొడవాటి పైక్ బల్లేలను ఓడించాయి. పైక్ వరుసలు కదలకుండా ఉన్నంతసేపే బలం; వాలు దిగి, తడి నేలలో వరుస చెదిరి, శత్రువు దగ్గరికి వచ్చేశాక ఆ పొడవే పట్టుకున్నవాడికి భారమైంది. స్కాట్లండు రాజు నాలుగవ జేమ్స్ ఆ రోజే నేలకొరిగాడు.

పై జవాబులోని రిచర్డ్ రాజు సంగతీ ఇక్కడికే వస్తుంది. 2012లో లెస్టర్ నగరంలో ఒక వాహనాల నిలుపు స్థలం కింద ఆయన ఎముకలు దొరికాయి. 2014లో ప్రచురితమైన పరిశీలనలో పుర్రె మీద 9 గాయాలు లెక్కకు వచ్చాయి. పుర్రె అడుగున ఉన్న ప్రాణాంతకమైన గాయాలలో ఒకటి పెద్ద కత్తి వల్ల గానీ, హాల్బర్డ్, బిల్ వంటి ఆయుధం వల్ల గానీ తగిలి ఉంటుందని నిపుణులు తేల్చారు. అక్కడ దెబ్బ పడాలంటే శిరస్త్రాణం అప్పటికే పోయి ఉండాలి.

ప్రశ్న: హైదరాబాద్ హోటళ్లలో ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ పేరుతో చికెన్ సాసేజ్, హాష్ బ్రౌన్ ఇస్తున్నారు. ఇది అసలైనదేనా? ఇంట్లో ఎలా చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి

జవాబు: తురిమిన బంగాళాదుంపను వేయించి చేసే హాష్ బ్రౌన్ అమెరికా వంటకం. పంది మాంసం తినని అతిథుల కోసం చికెన్ సాసేజ్ పెట్టడంలో తప్పేమీ లేదు గానీ, దానివల్ల ఒక నష్టం ఉంది: ఈ పళ్లెం రుచి అంతా బేకన్ నుంచి కరిగే కొవ్వులో ఉంటుంది. అందుకే వేయించే వరుస ముఖ్యం. సాసేజ్‌లను సన్నటి మంట మీద ముందుగా మొదలుపెట్టి, తరువాత బేకన్, ఆ కొవ్వులోనే పుట్టగొడుగులు, కోసిన వైపు కిందికి ఉండేలా టమాటా, ఆపైన రొట్టె ముక్క, చిట్టచివర గుడ్డు వేయాలి. చికెన్ సాసేజ్ వాడేవారు రొట్టెను వెన్నలో కాల్చుకోవడం మేలు.

విక్టోరియా రాణి కాలపు సంపన్నుల బల్ల మీద ఇవేగాక చేపలు, మూత్రపిండాలు, మన ఖిచిడీ నుంచి పుట్టిన కెడ్జెరీ కూడా ఉండేవి. అన్నం, పొగబెట్టిన హాడక్ చేప, ఉడికించిన గుడ్లు, వెన్న కలిపి దానిని చేస్తారు. పాతబస్తీలో పొద్దున్నే ఖిచిడీ, ఖీమా, ఖట్టా తినే అలవాటున్నవారికి వేపుడు పళ్లెం కన్నా కెడ్జెరీయే ఎక్కువగా నచ్చుతుందని నా నమ్మకం. హాడక్ దొరకకపోతే ముళ్లు తీసిన కొరమీను ముక్కలను ఉప్పు పట్టించి కాల్చి కలుపుకోవచ్చు.