కారు తాళం పోతే ఇంటికొచ్చి చేసేవాళ్ళని పిలవొచ్చా?

ప్రశ్న ఇదీ: ఉన్న రెండు తాళాల్లో ఒకటి ఎప్పుడో పోయింది, రెండోది ఇప్పుడు కనబడటం లేదు. కారేమో లాక్ అయి పార్కింగులో ఉంది. దాన్ని షోరూముకి మోయించుకెళ్ళాలా, కారు దగ్గరికే వచ్చి తాళం చేసి ప్రోగ్రామ్ చేసేవాళ్ళని పిలవాలా, పిలిస్తే కారుకేమన్నా అవుతుందా?

పిలవండి. ఈ పని చేసేవాడిగా చెప్తున్నాను, చాలా కార్లకి వ్యానులో వచ్చినవాళ్ళు చేసేదీ షోరూములో చేసేదీ ఒకే పని. చెడగొట్టే అవకాశం కూడా రెండుచోట్లా ఉంది, ఎక్కడెక్కడో చెప్తాను. మీరు అడగని విషయం ఇంకొకటుంది: పోయిన తాళాన్ని మీ కారు మర్చిపోయిందా లేదా అన్నది. నా దృష్టిలో అసలు సంగతి అదే.

ఫోన్ చేసినప్పుడు "కారు తాళం పోయింది, రండి" అంటే సరిపోదు. ఏ మోడల్, ఏ సంవత్సరం, తాళం తిప్పి స్టార్ట్ చేసేదా బటన్ నొక్కేదా, ఇంకో తాళం ఉందా, బ్యాటరీ ఎలా ఉంది అన్నవి చెప్పండి. చాలా కార్లలో ముందు అద్దం కింది మూలలో బయటి నుంచే కనబడే 17 అక్షరాల ఛాసిస్ నంబరుని ఫోటో తీసి పంపండి. ఒకే మోడల్‌కి ఏడాది మధ్యలో తాళంలోని చిప్ మారిపోయిన సందర్భాలు చాలా ఉంటాయి, ఆ నంబరుంటే సరైన, ఇంకా కోయని ఖాళీ తాళం, సరైన చిప్ తీసుకుని బయల్దేరొచ్చు. బండి కాగితాలు, మీ గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. అవి కారులోనే ఉంటే తలుపు తెరవగానే చూపించండి. వచ్చినాయన వాటిని అడగకపోతే అక్కడికక్కడే వద్దనేయండి. మీ కాగితాలు చూడకుండా మీకు తాళం చేసినవాడు రేపు ఇంకెవరడిగినా ఇదే కారుకి తాళం చేసిస్తాడు.

తాళం చేతిలో ఉండి కూడా పని చేయడం లేదని పిలిచేవాళ్ళు ఉంటారు కాబట్టి ఒక మాట. బటన్ స్టార్ట్ కారైతే ముందు తాళంలోని గుండ్రటి బ్యాటరీ మార్చి చూడండి. చాలావాటిలో సీఆర్2032 ఉంటుంది, కొన్నిట్లో 2025, ఇంకొన్నిట్లో 1632. ఆ బ్యాటరీ పూర్తిగా చచ్చినా కారు స్టార్ట్ అవుతుంది: తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి బ్రేకు (గేర్లు చేత్తో మార్చే కారైతే క్లచ్) తొక్కి నొక్కాలి. కొన్ని కార్లలో దానికి వేరే చోటుంటుంది, కప్పు పెట్టే గూట్లోనో స్టీరింగ్ పక్కనో. లోపలి చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు, దగ్గరికి తెస్తే కారు యాంటెన్నా నుంచే కరెంటు తీసుకుంటుంది.

ఇక అన్ని తాళాలూ పోయిన కారు దగ్గర పని ఎలా సాగుతుందో చూడండి. ముందు తలుపు. కిటికీ రబ్బరు ఎత్తి ఇనప చువ్వ దూర్చేవాళ్ళని దగ్గరికి రానివ్వొద్దు, తలుపు అంచు వంగితే వానాకాలంలో నీళ్ళు కారతాయి. పని తెలిసినవాళ్ళు లిషి అనే సన్నటి పనిముట్టు వాడతారు. ఒక్కో రకం తాళానికి ఒక్కో లిషి: ఫోక్స్‌వాగన్ వాటికి హెచ్‌యూ66, ఫోర్డ్‌కి హెచ్‌యూ101, పాత టొయోటాలకి టీవోవై43. దాన్ని తలుపు తాళంలో దూర్చి, ఒక వేలితో మెల్లగా తిప్పే ఒత్తిడి ఇస్తూ, రెండో చేత్తో సన్నటి ముల్లుని లోపల వరసగా ఉన్న ఒక్కో ఇత్తడి పలక మీదికి జరుపుతారు. బిగుసుకున్న పలక రాయిలా తగులుతుంది. కొంచెం ఎత్తగానే చిన్న టిక్కుమనే కదలిక వేలికి తెలుస్తుంది. అన్నీ సర్దుకుంటే తాళం తిరుగుతుంది. అసలు పని ఆ తర్వాత. ముల్లుని మళ్ళీ ఒక్కో పలకకి ఆనించి, పనిముట్టు మీది గీతల్లో అది ఏ లోతు దగ్గర ఆగిందో చదువుతారు. హెచ్‌యూ66లో 8 పలకలు, 4 లోతులు, అంటే 3-1-4-2-2-1-3-4 లాంటి ఒక వరస వస్తుంది. మీ తాళం అంటే ఆ అంకెల వరసే. కొన్ని కార్లలో ఇగ్నిషన్‌లో ఉన్న పలకలన్నీ తలుపు తాళంలో ఉండవు, అప్పుడు మిగిలిన ఒకటి రెండు పలకల అంకెలకి వీలున్న వరసల్ని సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది, ఒక్కోటి కోసి చూడాలి. పది నిమిషాలన్న పని గంట పట్టడానికి ఇదో కారణం. వెనకనుంచి తొందరపెట్టకండి.

ఆ అంకెల్ని కోత మిషన్‌కిస్తే కొత్త కీ తయారవుతుంది. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది: పాత తాళం ఉన్నా దాన్ని చూసి కోయించుకోకండి, అంకెల్ని బట్టి కోయించుకోండి. పక్కపక్క లోతుల మధ్య తేడా చాలా కార్లలో అర మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. పదేళ్ళు వాడి అరిగిన తాళాన్ని మిషన్ మీద పెట్టి నకలు తీస్తే ఆ అరుగుదల కూడా నకలు అవుతుంది, దానికి కోతలో వచ్చే తేడా తోడవుతుంది. అది మొదటి నెల తిరుగుతుంది, తర్వాత కదిపి కదిపి తిప్పాల్సొస్తుంది, ఒకరోజు ఇగ్నిషన్‌లో విరుగుతుంది. అరిగిన తాళం నుంచి కూడా అసలు అంకెలు లెక్కగట్టి తీయొచ్చు, అలా చేయమనండి.

కోసిన కీ అంచుల్ని బ్రష్షుతో రుద్దాలి. రుద్దకపోతే ఇత్తడి రజను పోయి పలకల మధ్య ఇరుక్కుంటుంది. ముందు తలుపులో పెట్టి రెండు వేళ్ళతో తిప్పి చూడాలి, ఆ తర్వాతే ఇగ్నిషన్. అక్కడ తిరగకపోతే బలం వాడకూడదు. స్టీరింగ్ లాక్ పడి ఉంటే స్టీరింగ్‌ని కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ తిప్పితే వదులుతుంది.

తాళం తిరిగింది, సెల్ఫ్ కొడుతోంది, ఇంజన్ మాత్రం అందుకోదు. లేదా అందుకుని రెండు సెకన్లకే ఆగిపోతుంది, మీటరు మీద తాళం బొమ్మ లైటు గబగబా ఆరి వెలుగుతుంటుంది. ఇమ్మొబిలైజర్ అంటే ఇదే. తాళం తలలో ఒక చిప్ ఉంటుంది, బొగ్గు ముక్కలా నల్లగానో, చిన్న గాజు గొట్టంలానో. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట 125 కిలోహెర్ట్‌జ్ దగ్గర దాన్ని పలకరిస్తుంది, సరైన జవాబు రాకపోతే ఇంజన్‌కి అనుమతి రాదు. యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ 1998 నుంచి ఇది తప్పనిసరి. చిప్‌లలో 46, 47, 48, 4డి, 8ఏ అంటూ రకాలు. 46 ఉండాల్సిన చోట 47 పెడితే వందసార్లు ప్రయత్నించినా కారు తీసుకోదు. తలుపులు తెరిచే రిమోట్ దీనికి పూర్తిగా వేరు. దానికి బ్యాటరీ కావాలి, ఫ్రీక్వెన్సీ కలవాలి. యూరప్ కార్లలో ఎక్కువగా 433.92 మెగాహెర్ట్‌జ్, అమెరికా కార్లలో చాలావరకు 315.

ఈ రెండూ వేరని తెలియక జరిగే నష్టం చూస్తే బాధేస్తుంది. తాళం డొల్ల పగిలిందని కొత్త డొల్ల కొంటారు. లోపలి రిమోట్ బోర్డు తీసి కొత్తదాన్లో పెడతారు, పాత డొల్ల చెత్తబుట్టలో వేస్తారు. చిప్ చాలాసార్లు బోర్డు మీద ఉండదు, డొల్ల మూలలో ఒక గూట్లో ఇరుక్కుని ఉంటుంది. ఇక తలుపులు తెరుచుకుంటాయి, సెల్ఫ్ కొడుతుంది, ఇంజన్ అందుకోదు. చెత్తబండి వెళ్ళిపోకముందే ఆ పాత డొల్ల వెతకండి.

ప్రోగ్రామింగ్‌కి, అంటే కొత్త తాళాన్ని కారు కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడానికి, స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల ఓబీడీ సాకెట్లో (మెకానిక్ పరికరాలు తగిలించే చోటు) పరికరం పెడతారు. ఆ పరికరం ఆటెల్, ఎక్స్‌హార్స్, లాన్స్‌డార్ ఏ కంపెనీదైనా ఫరవాలేదు, నేను చూసేది బ్యాటరీ. ప్రోగ్రామింగ్ మొదలెట్టేముందు కారు బ్యాటరీ వోల్టేజి చూపించమనండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. రోజులతరబడి కదలని కారులో ఇంకా తక్కువే ఉంటుంది. పాత టొయోటాల్లో కొన్నిటికి 16 నిమిషాలు, ఫోర్డుల్లో కొన్నిటికి 10 నిమిషాలు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి ఊరికే వేచి ఉండాలి. ఆ సేపంతా కరెంటు లాగుతూనే ఉంటుంది. డేటా రాస్తుండగా వోల్టేజి పడిపోతే కంప్యూటర్ సగం రాతతో ఆగిపోతుంది, అప్పుడిక మీ సమస్య తాళం కాదు, కంప్యూటరే. వోల్టేజి పడిపోకుండా నిలబెట్టే సపోర్ట్ చార్జర్ తగిలించకుండా మొదలెడితే ఆపండి. హెడ్‌లైట్లు, ఏసీ, పాటలు కట్టేయండి. ఇంకో చిప్ తాళం ఉంటే అదే రింగులో వేలాడదీయకండి, యాంటెన్నా దగ్గర రెండు చిప్‌లుంటే ఒకదాని జవాబు ఇంకోదాన్ని చెడగొడుతుంది.

కొన్ని కార్లు సాకెట్ ద్వారా లొంగవు. అప్పుడు ఇమ్మొబిలైజర్ పెట్టె విప్పి, లోపలి 8 కాళ్ళ మెమరీ చిప్‌ని చదివి, అందులో కొత్త తాళం వివరాలు రాయాలి. చేతిలో నైపుణ్యం ఉన్నవాళ్ళు చక్కగా చేస్తారు. అసలు డేటాని మార్చకముందే ఒక ప్రతి దాచుకోవాలి, దాచారా అని అడగండి. ఫియట్ క్రైస్లర్ కార్లలో చాలావాటికి 2018 నుంచి సెక్యూరిటీ గేట్‌వే, అంటే బయటి పరికరాల్ని అడ్డుకునే ఏర్పాటు ఉంది, దాన్ని దాటే ప్రత్యేకమైన కేబుల్ గానీ కంపెనీ అనుమతి గానీ లేకుండా వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో వెనక్కి వెళ్ళాలి. కంపెనీ సర్వర్ అనుమతి లేనిదే తాళం ఎక్కించని కొత్త కార్లుంటాయి, వాటికి మాత్రం షోరూముకే వెళ్ళండి. నిజాయితీ ఉన్నవాళ్ళు ఈ మాట ఫోన్లోనే చెప్తారు. ఇంకొకరు వాడిన సెకండ్ హ్యాండ్ స్మార్ట్ తాళం (బటన్ స్టార్ట్ కార్లది) ఆన్‌లైన్లో కొని "ఇది ఎక్కించండి" అని ఇవ్వకండి. చాలా కంపెనీల స్మార్ట్ తాళాలు మొదటి కారుకే లాక్ అయిపోతాయి.

ఇప్పుడు మొదట్లో నేను చెప్పిన అసలు సంగతి. తాళం చేయడంలో రెండు దారులున్నాయి. ఉన్న చిప్‌కి నకలు తీయడం ఒకటి, కారు జ్ఞాపకంలో కొత్త తాళాన్ని నమోదు చేయడం రెండోది. నకలు తేలిక, చాలాసార్లు కారు ముట్టుకోనక్కర్లేదు. కానీ కారుకి రెండూ ఒకే తాళంగా కనబడతాయి. రేపు అందులో ఒకటి దొంగ చేతిలో పడితే దాన్నొక్కదాన్నే చెరపడం కుదరదు, చెరిపితే మీ చేతిలోదీ చస్తుంది. అందుకే నమోదు చేయించుకోండి. అన్నీ పోయిన కారులో నమోదు తప్ప వేరే దారి లేదు కూడా. అయితే కొత్తది చేర్చినంత మాత్రాన పాతవి పోవు. పోయిన తాళం ఏ ఆటో సీట్లోనో దొరికినవాడికి మీ కారు ఇంకా స్టార్ట్ అవుతుంది. హ్యుందాయ్, కియాల్లో చాలావాటిలో తాళాలు ఎక్కించేటప్పుడు దగ్గర లేనివి వాటంతటవే చెరిగిపోతాయి. ఫోర్డుల్లో చాలావాటికి అన్నీ చెరిపేస్తే కనీసం రెండు తాళాలు ఎక్కించేదాకా ఇంజన్ అందుకోదు, అంటే ఒక్కటే చేయించుకుందామన్నా కుదరదు. బీఎండబ్ల్యూలో 10 స్థానాలుంటాయి, పోయిన తాళం స్థానాన్ని విడిగా ఆపేయొచ్చు. కారుని బట్టి పద్ధతి మారుతుంది, మీ ప్రశ్న మాత్రం మారకూడదు: "ఇప్పుడు కారులో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయి? తెర మీద చూపించండి." మీ చేతిలో రెండుంటే అక్కడ రెండే ఉండాలి. మూడు కనబడితే పని అవ్వనట్టే, డబ్బులివ్వకండి.

ఆ తర్వాత ప్రతి తాళంతోనూ కారు స్టార్ట్ చేసి ఒక నిమిషం నడవనివ్వండి. పది మీటర్ల దూరం నుంచి రిమోట్ నొక్కండి, డిక్కీ బటన్ మర్చిపోకండి. లోపలి అత్యవసర కీని బయటికి లాగి డ్రైవర్ తలుపుని చేత్తో తెరవండి, బ్యాటరీ చచ్చిన రోజు పనికొచ్చేది అదొక్కటే. చెరిపేసిన తాళం ఇంజన్‌ని స్టార్ట్ చేయలేదు గానీ దాని కీ తలుపుని ఇంకా తెరుస్తుంది. తాళంతోపాటు ఇంటి చిరునామా ఉన్న పర్సు కూడా పోయుంటే తలుపు తాళంలో పలకల వరస కూడా మార్పించండి.

వెళ్ళేముందు కోత అంకెలు, తాళం ఎక్కించడానికి పిన్ కోడ్ అడిగే కారైతే ఆ కోడ్ కాగితం మీద రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి, కారులో కాదు.