అన్ని టెస్టులూ నార్మల్, నొప్పి మాత్రం పోవట్లేదు

ప్రశ్న: మేడం, నాకు 34 ఏళ్లు. రెండేళ్లుగా సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోయి నొప్పొస్తుంది, బాత్రూంకి వెళ్తే కాస్త తగ్గుద్ది. స్కానింగ్, ఎండోస్కోపీ నార్మలే. ఇంట్లో గ్యాసేలే అంటున్నారు.
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: రిపోర్టు నార్మల్ అంటే నొప్పి లేదని కాదమ్మా, మీ నొప్పి నిజం. ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగుల సమస్య) కావచ్చు, అందులో పేగు బాగానే కనిపిస్తది కానీ దాని నరాలు అతిగా స్పందిస్తాయి, అందుకే స్కానింగ్‌లో దొరకదు. రెండు వారాలు పాలు, పాల టీ ఆపి చూడండి, తర్వాత ఉల్లి, వెల్లుల్లి, శనగపిండి ఒక్కోటీ తగ్గిస్తూ ఏం తిన్నారో ఎప్పుడు నొప్పొచ్చిందో రాసుకోండి, అన్నీ ఒకేసారి మానేసి నీరసపడొద్దు. సీలియాక్ (గోధుమలు పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించకపోతే గోధుమలు మానకముందే చేయించుకోండి. బరువు తగ్గినా, విరేచనంలో రక్తం పడినా, నొప్పికి నిద్రలో మెలకువొచ్చినా వెంటనే గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించుకోండి.