మాంట్రియల్‌కు మూడు రోజుల భోజన యాత్ర: శాకాహారులైన పెద్దవాళ్లతో కారులో వెళ్లేవారికి

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మెమోరియల్ డే సెలవులకు కారులో కెనడాలోని మాంట్రియల్ వెళ్తున్నామని, వెంట శాకాహారులైన అమ్మానాన్నలు ఉంటారని, ఆ ఊరి ప్రత్యేక వంటకాలన్నీ మూడు రోజుల్లో రుచి చూడాలంటే ఎలా ఏర్పాటు చేసుకోవాలని మీరు అడిగారు. నేను న్యూజెర్సీ నుంచే ఆ ఊరికి నాలుగు సార్లు వెళ్లి వచ్చాను. మొదటిసారి పదకొండు చోట్ల తినాలని జాబితా రాసుకుని వెళ్లి, రెండో రోజు మధ్యాహ్నానికి సోడా తప్ప మరేదీ ముట్టుకోలేని స్థితికి వచ్చాను. కాబట్టి మీ ప్రశ్నలోంచి ముందుగా ‘అన్నీ’ అనే మాట తీసేయండి. రోజుకొక పేటను ఎంచుకుని, అక్కడే నడుస్తూ, ఆకలి వేసినప్పుడు తినడమే ఆ ఊరికి తగిన పద్ధతి.

మీరు ఎంచుకున్న సెలవు మాత్రం చాలా మంచిది. లేబర్ డే సెప్టెంబరు మొదటి సోమవారం నాడు రెండు దేశాలకూ సెలవే. అక్టోబరు రెండో సోమవారం మనకు కొలంబస్ డే, వాళ్లకు థాంక్స్‌గివింగ్. ఆ రెండు వారాంతాల్లో సరిహద్దు దగ్గర ఇరువైపుల జనమూ పోగవుతారు. లేబర్ డేకు వెళ్లిన మేము రెండున్నర గంటలు కారులోనే కూర్చున్నాము. మే నెలలో అలా కాదు. కెనడా వారి సెలవు మే 25కు ముందు వచ్చే సోమవారం, మనది మే ఆఖరి సోమవారం. అంటే వాళ్ల రద్దీ సరిగ్గా ఒక వారం ముందే తీరిపోతుంది.

హోటల్ కంటే ముందు పత్రాలు చూసుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు చాలు. హెచ్-1బి అనే అమెరికా ఉద్యోగ వీసా మీద ఉన్న భారతీయులకు కెనడా సందర్శక వీసా తప్పనిసరి. మీ అమ్మానాన్నలు అమెరికా విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే వాళ్లకూ విడిగా కెనడా వీసా కావాలి. దానికి వారాలు పట్టవచ్చు కనుక ఈ ఒక్క పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి.

దారి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఐ-87 రహదారి పట్టుకుని ఉత్తరంగా పోవడమే, ఆగకుండా నడిపితే ఆరున్నర, ఏడు గంటలు. పెద్దవాళ్లు ఉన్నారు కనుక శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరి, సరిహద్దుకు అరగంట ఇవతల ఉన్న ప్లాట్స్‌బర్గ్‌లో రాత్రి పడుకుని, శనివారం తెల్లవారగానే దాటితే ఉదయపు టిఫిన్ మాంట్రియల్‌లోనే చేయవచ్చు. కారులో ఉన్న తినుబండారాలన్నీ, ఆవకాయతో సహా, అధికారి అడిగినప్పుడు దాచకుండా చెప్పేయండి. మాంట్రియల్ ద్వీపంలో ఎర్ర లైటు దగ్గర కుడివైపు తిరగడం నిషేధమన్న సంగతి మనకు చేయి అలవాటు వల్ల గుర్తుండదు, జాగ్రత్త.

శనివారాన్ని మైల్ ఎండ్ పేటకు కేటాయించండి. 1919 నాటి ఫేర్‌మౌంట్, 1957 నాటి సెయింట్ వియాటర్ అనే రెండు బేగెల్ (నడుమ రంధ్రమున్న గుండ్రటి రొట్టె) దుకాణాలు అక్కడ రెండు మూడు వీధుల దూరంలోనే ఉన్నాయి. మనం న్యూయార్క్‌లో తినే బేగెల్ లావుగా, ఉప్పగా ఉంటుంది. ఇక్కడిది సన్నగా, పెద్ద రంధ్రంతో, కొంచెం తియ్యగా ఉంటుంది. ఉప్పు వేయని పిండిని చేత్తో తాడులా సాగదీసి చుట్టి, తేనె కలిపిన నీళ్లలో ఉడికించి, నువ్వుల్లో దొర్లించి, పొడవాటి చెక్క మీద వరుసగా పేర్చి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. ఇదంతా మీ కళ్ల ముందే జరుగుతుంది. మా మామయ్యగారు తినడం మాని పావుగంట సేపు ఆ పొయ్యినే చూస్తూ నిలబడ్డారు. ఈ పిండిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు; మీవాళ్లు గుడ్డు కూడా తినకపోతే ముందే అడిగి తీసుకోండి. దగ్గర్లోని సాఁ-లోరాఁ వీధిలో 1928 నుంచి ఉన్న ష్వార్ట్జ్‌లో స్మోక్డ్ మీట్ శాండ్‌విచ్ కోసం జనం వరుస కడతారు. అది గొడ్డు మాంసం. మా ఇంట్లో తినము కనుక రుచి సంగతి నేను చెప్పలేను.

పూటీన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వేడి బంగాళాదుంప వేపుళ్ల మీద తాజా చీజ్ ముక్కలు వేసి, పైన గోధుమరంగు గ్రేవీ పోస్తారు. ఆ చీజ్ తాజాదైతే పంటి కింద కిచకిచమంటుంది, ఒక రోజు గడిస్తే ఆ చప్పుడు పోతుంది. చిక్కంతా గ్రేవీతోనే వస్తుంది, ఎందుకంటే దాన్ని మామూలుగా మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. ఒక చోట మేము “మాంసం ఉందా” అని అడిగితే లేదన్నారు. ముక్కలు లేవన్నది వారి ఉద్దేశమని, మా అత్తయ్యగారు సగం తిన్న తర్వాత మాకు అర్థమైంది. ఆవిడ ఒక్క మాటా అనలేదు; లేచి వెళ్లి నోరు కడుక్కుని వచ్చారు. మిగిలిన రెండు రోజులు అరటిపళ్లతోనూ ఇంటి నుంచి తెచ్చిన అటుకులతోనూ గడిపారు. అందుకే “మాంసం, మాంసపు రసం, పంది కొవ్వు ఏవీ వద్దు” అనే వాక్యాన్ని ఫ్రెంచిలో ఫోనులో రాసి పెట్టుకుని చూపించండి. రాషెల్ వీధిలోని లా బాంకీజ్‌లో శాకాహార గ్రేవీ దొరుకుతుంది. అక్కడ కూడా ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆ మాట నొక్కి చెప్పాలి. ఇంకో రెండు ఉచ్చులున్నాయి: మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రపు పద్ధతిలో వండిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు, పసుపుపచ్చని బఠానీ సూపులో పంది మాంసం ఉండడం సంప్రదాయం.

ఆదివారం ఉదయం 1933లో మొదలైన జాఁ-తలోఁ మార్కెట్‌కు వెళ్లండి. మే చివరికి స్థానిక స్ట్రాబెరీలు ఇంకా రావు గాని తోటకూర కాడల్లా కట్టలు కట్టిన ఆస్పరాగస్ కనిపిస్తుంది. మాపుల్ సిరప్ ఇక్కడే కొనండి. లేత రంగుది కాకుండా ముదురు రంగుది అడగండి; మన నాలుకకు అదే నచ్చుతుంది, ఎందుకంటే దానిలో బెల్లపు పాకం వాసన ఉంటుంది. సుమారు 40 లీటర్ల చెట్టు రసాన్ని మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుందని చెప్పగానే, అనకాపల్లి పక్కన పెరిగిన మా మామయ్యగారు చెరకు రసం పెనం లెక్కలు మొదలుపెట్టారు. 1929 నాటి ఆర్థిక మాంద్యంలో పుట్టిన ‘నిరుద్యోగి పుడ్డింగ్’, అంటే పూడింగ్ షోమ్యూర్, ఎక్కడ దొరికినా వదలకండి. పిండి, వెన్న, తీపి పాకం, అంతే.

ఆ మధ్యాహ్నం మార్కెట్‌కు పడమరగా ఉన్న పార్క్ ఎక్స్‌టెన్షన్ పేటలో పెద్దవాళ్లకు పప్పూ అన్నమూ దొరికే భోజనం పెట్టించండి. అంత దూరం వెళ్లి మన తిండి ఏమిటని మా స్నేహితుడొకడు నవ్వాడు గాని, ఆ ఒక్క పూట భోజనం వల్లనే సాయంత్రం అందరూ మోఁ-రోయాల్ కొండ ఎక్కగలిగారు. పేరున్న రెస్టారెంటులో రాత్రి భోజనం చేయాలనుకుంటే శనివారానికే బల్ల ముందుగా చెప్పి ఉంచండి. ఆది, సోమవారాల్లో చాలా చోట్ల మూసి ఉంటుంది. బిల్లు మీద దాదాపు 15 శాతం పన్ను పడుతుంది, టిప్పును పన్ను కలపక ముందు మొత్తం మీద లెక్కించండి.

సోమవారం బయలుదేరే ముందు మళ్లీ సెయింట్ వియాటర్‌కు వెళ్లండి, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. వేడి బేగెళ్ల సంచీ మూతి మడవకుండా ఉంచండి, లేకపోతే ఆవిరికి మెత్తబడతాయి. మేము ఒక డజను కొంటే ఆల్బనీ చేరేసరికి నాలుగు మిగిలాయి. మీరు రెండు డజన్లు కొనండి.