అనంతపురం ఎండల్లో ఉండే అమ్మకు విటమిన్ డి ఎందుకు తగ్గింది? – సమాధానం

అక్కా, న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన మీ అమ్మగారికి విటమిన్ డి మిల్లీలీటరు రక్తానికి 11 నానోగ్రాములని వచ్చిందనీ, అనంతపురం ఎండల్లో ఇదెలా సాధ్యమనీ అడిగారు. ఊళ్లో ఎండ కాయడం వేరు, అది ఒంటికి తగలడం వేరు. చర్మంలో ఈ విటమిన్‌ను పుట్టించే అతినీలలోహిత కిరణాలు మిట్టమధ్యాహ్నానికి అటూ ఇటూ బలంగా ఉంటాయి. సరిగ్గా ఆ వేళకే మన పెద్దవాళ్లు వడగాడ్పుకు వెరచి తలుపులు మూసుకుంటారు, బయటికి వచ్చినా తలమీదుగా కొంగు కప్పుకుంటారు. కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది, ముసలి చర్మం తయారుచేసేదీ తక్కువే. రాగిసంగటిలో కాల్షియం దండిగా ఉన్నా విటమిన్ డి ఉండదు.

అయితే ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. సాధారణంగా 20 కంటే తగ్గితే లోపమంటారు గానీ, తీవ్రమైన జబ్బులో ఈ విటమిన్‌ను రక్తంలో మోసే ప్రోటీన్ తగ్గి, అంకె అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు. కాబట్టి వైద్యుడు ఇచ్చిన మందు మానకుండా, ఆమె కోలుకున్నాక పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలో ఆయన్నే అడగండి. 60,000 యూనిట్ల మాత్రను సాధారణంగా వారానికి ఒకటి చొప్పున రాస్తారు. పొరపాటున రోజూ వేస్తూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి, కనుక చీటీలో ఏమి రాశారో ఈ రోజే ఒకసారి చూడండి.