మీ కుటుంబానికి ఏ వీలునామా సరిపోతుంది?

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఇద్దరూ వీలునామా రాయాలని నిశ్చయించుకున్నారనీ, ఒకే కాగితం మీద కలిసి రాయాలా, విడివిడిగా రాయాలా, ఒకరి మేలు కోసం ఆస్తిని మరొకరి (ట్రస్టీ) చేతిలో ఉంచే ట్రస్టు ఏర్పాటు చేయాలా అన్నది తేలక ఆగిపోయారనీ నీ ఉత్తరం చదివి తెలుసుకున్నాను. సివిల్ కోర్టులో వకీలుగా జీవితమంతా గడిపినవాణ్ణి కనుక ముందు ఒక మాట చెబుతాను. సాధారణంగా అందరూ ఆస్తి విలువ లెక్కవేసుకుని, దానికి తగిన వీలునామా ఏదని అడుగుతారు. ఆ లెక్కకు ఇక్కడ ప్రాధాన్యం తక్కువ. ఇంట్లోని మనుషులు ఒకరికొకరు ఏమవుతారు, మనం పోయిన మర్నాడు ఎవరు ఎవరిమీద ఆధారపడవలసి వస్తుంది, అలా ఆధారపడినవారికి రక్షణ ఎంతకాలం కావాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఏ రకం వీలునామా రాయాలో దాదాపు తేలిపోయినట్టే.

ఒకే పెళ్లి, పెద్దవాళ్లయిన పిల్లలు, వారి మధ్య సఖ్యత, ఆస్తి అంతా ఒకే దేశంలో ఉండడం, ఇవన్నీ కలిసివచ్చిన కుటుంబానికి మామూలు వీలునామా చాలు. ఎవరికి ఏది చెందాలో, ఆ వ్యక్తి మనకంటే ముందే పోతే అది ఎవరికి వెళ్లాలో, విడిగా పేర్కొనని మిగిలిన ఆస్తి అంతా ఎవరిదో, వీలునామాను అమలుచేసే బాధ్యత ఎవరిదో అందులో ఉంటే సరిపోతుంది. పిల్లలు లేనివారికీ, పెళ్లి చేసుకోనివారికీ కూడా ఇదే చాలు. అయితే వారు దీన్ని మరింత తొందరగా రాసుకోవాలి, ఎందుకంటే వీలునామా లేనప్పుడు చట్టం చూసేది రక్తసంబంధాన్నే గాని, చివరిదాకా వెంట ఉండి చూసుకున్నవారిని కాదు.

మీ ఇల్లు అటువంటిది కాదు. మీ ఆయనకు మొదటి భార్య ద్వారా పెద్దవాడైన కొడుకు ఉన్నాడు, మీ ఇద్దరికీ కలిగిన అమ్మాయి ఇంకా మైనరు. కాబట్టి నువ్వు అడిగిన ఉమ్మడి వీలునామా సంగతే ముందు చూద్దాం. భార్యాభర్తలిద్దరూ ఒకే పత్రం మీద సంతకం చేసే ఈ పద్ధతి చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, నేను ఎవరికీ సిఫారసు చేయను. మొదటివారు పోయినప్పుడు వారి వాటా వరకే అది అమలులోకి వస్తుంది, రెండోవారి భాగం వారు బతికున్నంతకాలం అలా నిలిచి ఉంటుంది. ఈలోగా రెండోవారు దాన్ని మార్చుకోవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. మార్చుకోకూడదని ఇద్దరి మధ్య ఒప్పందం ఉందా, లేక కాగితం మాత్రమే ఉమ్మడిదా అన్నదానిమీద జవాబు ఆధారపడుతుంది. ఆ ఒప్పందం ఉన్నదో లేదో ఒక చనిపోయిన మనిషి మాటల నుంచి కోర్టు ఏరుకోవలసి వస్తుంది.

రెండోది, భార్యాభర్తలు చెరొక పత్రం మీద ఒకేలాంటి మాటలతో రాసుకునే జంట వీలునామాలు. ‘నా తర్వాత అంతా నీకు, నీ తర్వాత పిల్లలిద్దరికీ సమానంగా’ అన్నది అందులోని సారాంశం. పిల్లలందరూ ఇద్దరికీ కలిగినవారే అయిన ఇంట్లో ఇది చక్కగా పనిచేస్తుంది. మీ ఇంట్లో మాత్రం భారమంతా నమ్మకం మీదే పడుతుంది. మీ ఆయన ముందు పోతే ఆస్తి పూర్తిగా నీదవుతుంది, ఆ తర్వాత నీ వీలునామాను నువ్వు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నువ్వు మార్చవని నాకు తెలుసు. అయితే ఏదో ఒక కారణంచేత నీ వీలునామా చెల్లకుండా పోయిందనుకో. భారతదేశంలోని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్త్రీకి మొదటి వరుస వారసులైన ‘కొడుకులు, కూతుళ్ల’లోకి సవతి కొడుకు రాడని సుప్రీంకోర్టు 1987లో స్పష్టంగా చెప్పింది. అప్పుడు తండ్రి ఇల్లు సహా మొత్తం మీ అమ్మాయికే చేరుతుంది, ఆ అబ్బాయికి ఏమీ మిగలదు. ఇది మీ ఆయన కోరుకునేది కాదు, నువ్వూ కోరుకోవు.

అందుకని చాలామంది జీవితకాల హక్కు వైపు మొగ్గుతారు. ‘నా ఇల్లు నా తదనంతరం నా భార్య జీవితాంతం అనుభవించవలెను, ఆమె తదనంతరం నా ఇద్దరు పిల్లలకు సమానముగా చెందవలెను’ అన్న వాక్యం నువ్వు కూడా ఎక్కడో చదివే ఉంటావు. దాన్ని కాస్త నిదానంగా చూడు. ‘అనుభవించడం’ అంటే ఉండటమేనా, అద్దెకిచ్చి ఆ అద్దె తీసుకోవచ్చా? ఇంటిపన్ను ఎవరు కట్టాలి, పైకప్పు కారితే మరమ్మతు ఖర్చు ఎవరిది? వయసు మీదపడి మెట్లెక్కలేక చిన్న ఇంటికి మారవలసి వస్తే, ఆ ఇల్లు అమ్మి ఇంకొకటి కొనవచ్చా, కొంటే ఆ కొత్త ఇంటిమీద పిల్లల హక్కు ఏమవుతుంది? ఇటువంటి ప్రశ్నలకు వీలునామాలోనే జవాబు రాసి ఉంచాలి. రాయకపోతే ప్రతి ప్రశ్నా నీకూ ఆ అబ్బాయికీ మధ్య ఒక నోటీసుగా మారే అవకాశం ఉంది.

‘నా భార్యకు సర్వహక్కులతో ఇస్తున్నాను’ అని ఒక వాక్యంలో రాసి, దాని కిందనే ‘ఆమె తర్వాత నా కొడుకుకు చెందవలెను’ అని రాయడం మరీ ప్రమాదకరం. సర్వహక్కులతో ఇచ్చాక అది ఆమె సొంతం, అమ్మినా అడగడానికి ఉండదు. మరి రెండో వాక్యం ఎందుకు రాసినట్టు? ఈ రెండింటిలో ఏది నిలుస్తుందో తేల్చడానికే ఎన్నో కుటుంబాలు పై కోర్టుల దాకా వెళ్లాయి. ఇంకొక మెలిక కూడా ఉంది. అదే 1956 చట్టంలోని 14వ సెక్షన్‌ను వివరిస్తూ 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, భరణానికి బదులుగా హిందూ స్త్రీకి ఇచ్చిన ఆస్తి, పత్రంలో పరిమితులు రాసి ఉన్నా, ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుంది. భార్యకు జీవితకాల హక్కు మాత్రమే ఇచ్చామనుకున్న భర్తల వీలునామాలెన్నో ఈ సెక్షన్ చుట్టూ వివాదాల్లో పడ్డాయి. కనుక ఆ ఒక్క పేరా మాత్రం అనుభవమున్న న్యాయవాది చేతనే రాయించండి, నమూనా పుస్తకంలోంచి ఎత్తిరాయకండి.

ఇన్ని చెప్పాక మీకు నేనిచ్చే సలహా ఇది. ఇద్దరూ వేర్వేరు వీలునామాలు రాయండి. మీ ఆయన వీలునామాలో ఆ అబ్బాయికి కొంత ఆస్తి, బ్యాంకు డిపాజిట్టో స్థలమో, తండ్రి తదనంతరం వెంటనే చేతికి అందేలా ఉండాలి. అతను తన వాటా కోసం నువ్వు కన్నుమూసేదాకా ఆగవలసిన స్థితి పెడితే, ఎంత మంచి పిల్లవాడికైనా మనసు విరుగుతుంది, నీకు కూడా ఆ ఇంట్లో నెమ్మది ఉండదు. ఉండే ఇంటిమీద నీకు ఏ హక్కు ఇవ్వాలో పైన చెప్పిన ప్రశ్నలన్నిటికీ జవాబులతో రాయించండి. మీ అమ్మాయి వాటాను మాత్రం వీలునామాలోనే ఏర్పాటుచేసే ట్రస్టులో పెట్టమంటాను. పద్దెనిమిదేళ్లు నిండగానే చట్టం ఆమెను మేజరుగా చూస్తుంది. ఆ వయసులో పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతికి రావడం ఏ బిడ్డకూ క్షేమం కాదు. చదువుకూ వైద్యానికీ ట్రస్టీ ఖర్చుపెడుతూ, అసలు మొత్తాన్ని ఇరవై అయిదేళ్లకో, రెండు విడతలుగానో అప్పగించేలా రాయవచ్చు. పిల్లను పెంచే సంరక్షకుడూ డబ్బు చూసే ట్రస్టీ ఒకరే కాకుండా ఉంటే, ఒకరి లెక్క మరొకరు అడగగలుగుతారు.

నీ స్నేహితురాలి కొడుకు మానసిక ఎదుగుదల లేని పిల్లవాడని రాశావు. ఆమెకు ట్రస్టు తప్పనిసరి అని చెప్పు. తన వ్యవహారాలు తాను చూసుకోలేని బిడ్డ పేర నేరుగా ఆస్తి రాస్తే అది అతనికి అక్కరకు రాదు, అతని చుట్టూ చేరేవారికి వస్తుంది. అలాగని ‘తమ్ముణ్ణి చూసుకుంటుంది’ అన్న నమ్మకంతో అంతా కూతురికే రాయడం కూడా సరికాదు, ఆ మాటకు చట్టంలో కట్టుబాటు ఉండదు. ట్రస్టీలు ఇద్దరుండాలి, వారి తర్వాత ఎవరన్నది రాసి ఉండాలి. బిడ్డ ఏ మందు వాడతాడు, ఏ శబ్దానికి బెదురుతాడు, నిద్రపట్టనప్పుడు ఏంచేస్తే శాంతిస్తాడు వంటివన్నీ ఆ తల్లి విడిగా ఒక లేఖలో రాసి వీలునామాతోపాటు ఉంచాలి. ఆ లేఖకు చట్టబద్ధత లేదు గాని, ఆ బిడ్డకు అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆస్తి రెండు దేశాల్లో ఉన్నవారు ఏ దేశపు ఆస్తికి ఆ దేశంలోనే వేరే వీలునామా రాయడం మేలు, ఎందుకంటే స్థిరాస్తికి సాధారణంగా అది ఉన్నచోటి చట్టమే వర్తిస్తుంది. ఫ్రాన్స్‌లో పిల్లలకు చట్టం ఒక వాటా ముందే కేటాయిస్తుంది, ఒక బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు ఆపైన ఉంటే నాలుగింట మూడు వంతులు. ముస్లిం ధర్మశాస్త్రంలో వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. ఇంగ్లండ్‌లో 1837 నాటి చట్టం కింద పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా సాధారణంగా రద్దయిపోతుంది. రెండు వీలునామాలు రాసేవారు ఒక్క వాక్యం దగ్గర జాగ్రత్తపడాలి. ‘ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు’ అని రెండోదాంట్లో అలవాటుగా రాసేస్తే, మొదటి దేశపు వీలునామా కూడా పోతుంది. ‘ఈ దేశంలోని ఆస్తికి సంబంధించినవి మాత్రమే’ అన్న మాట చేర్చాలి.

ఏ రకం ఎంచుకున్నా సాక్షుల దగ్గర అశ్రద్ధ వద్దు. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. రాసినవారు సంతకం చేస్తుండగా చూసిగాని, ఆ సంతకం తనదేనని వారు చెప్పగా విని గాని, ప్రతి సాక్షీ వారి ఎదుటే సంతకం చేయాలి. ఇంగ్లండ్‌లోనైతే ఇద్దరు సాక్షులూ ఒకే సమయంలో ఎదురుగా ఉండాలి. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టవద్దు. మీకంటే వయసులో చిన్నవారిని, చిరునామా మారినా దొరికేవారిని ఎంచుకోండి, రేపు కోర్టులో నిలబడి చెప్పవలసినది వారే. రిజిస్ట్రేషన్ భారతదేశంలో తప్పనిసరి కాదు, అయినా చేయించమంటాను. కాని రిజిస్టరైన వీలునామాను ఆ తర్వాత సక్రమంగా రాసిన రిజిస్టరు కాని వీలునామా కూడా రద్దుచేయగలదని గుర్తుంచుకో. బ్యాంకులో పెట్టిన నామినీ పేరును కూడా వీలునామాతో సరిపోల్చుకోండి, నామినీగా ఉన్నంత మాత్రాన ఆ డబ్బుకు యజమాని అయిపోరు.

మీ ఆయన ఆస్తిలో పిత్రార్జితం ఏది, స్వార్జితం ఏది, మీ ఇద్దరి పేర్లమీద ఉన్నది ఏది అన్నవి మూడు వరుసలుగా రాసి, దస్తావేజుల నకళ్లతో నాకు పంపండి. పిత్రార్జితంలో తన వాటాకు మించి ఆయన వీలునామా రాయలేరు, కాబట్టి చిత్తుప్రతి మొదలుపెట్టేముందే అది తేలాలి. పంపేముందు ఆ అబ్బాయిని కూడా ఇంటికి పిలిచి మీ ఉద్దేశం అతనికి స్వయంగా చెప్పండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న