అయస్కాంత నానో కణాల మీద పీహెచ్‌డీ: బయట ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. అయస్కాంత నానో పదార్థాలతో నీటిలోని పురుగుమందుల అవశేషాలను వేరుచేసే అంశంపై పీహెచ్‌డీ చేయమని మా ప్రొఫెసర్ అంటున్నారు. తర్వాత ఉద్యోగం సంగతేమిటని టెన్షన్‌గా ఉంది. చేరమంటారా సర్?

జవాబు: చేరండి. కాకపోతే అక్కడ ఏం నేర్చుకోబోతున్నారో ముందే తేల్చుకోండి.

ఈ పని చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో చిటికెడు నల్లటి పొడి (అయస్కాంత నానో కణాలు) వేసి కాసేపు కదిపితే, మందు అణువులు కణాల పైపూతకు అంటుకుంటాయి. సీసా పక్కన గట్టి అయస్కాంతం ఆనిస్తే పొడంతా గోడకు చేరి నీరు తేటపడుతుంది. ఆ నీటిని వంపేసి, పొడిని 1 మిల్లీలీటరు మెథనాల్‌తో కడిగితే అంటుకున్నవన్నీ అందులోకి దిగుతాయి. ఏమీ పోకుండా దిగితే గాఢత 100 రెట్లు పెరిగినట్టే. ఐరోపా సమాఖ్యలో తాగునీటికి ఒక్కో పురుగుమందు పరిమితి లీటరుకు 0.1 మైక్రోగ్రాము. అంత తక్కువ మోతాదును పట్టుకోవాలంటే ఇలా చిక్కబరచడం చాలాసార్లు తప్పదు.

చిక్కల్లా ఏమిటంటే, చాలా థీసిస్‌లు పొడి తయారీ దగ్గరే ఆగిపోతాయి. ఐరన్ ఆక్సైడ్ మీద సిలికా పూత, దాని మీద గ్రాఫీన్ (కార్బన్ పలుచటి పొర), ఆపైన ఇంకోటి! పేపర్లు వస్తాయి, కాదనను. ఇంటర్వ్యూలో మాత్రం అడిగేది వేరు: ‘పాలలో రికవరీ (కలిపిన మందులో తిరిగి దొరికిన శాతం) ఎంత? మ్యాట్రిక్స్ ఎఫెక్ట్‌ను (శాంపిల్‌లోని ఇతర పదార్థాల వల్ల కొలతలో వచ్చే తేడాను) ఎలా సరిచేశారు?’ డిస్టిల్డ్ వాటర్‌లో చక్కగా పనిచేసిన పొడి పాలలో వేస్తే చతికిలపడొచ్చు. కొవ్వు, ప్రోటీన్లు ముందే వచ్చి పైపూత మీద తిష్ట వేస్తాయి మరి. పూత సరిగా లేకపోతే ఆమ్ల ద్రావణంలో ఐరన్ ఆక్సైడే కరగడం మొదలవుతుంది. వీటితో కుస్తీ పట్టినవాళ్లకే పని వచ్చినట్టు లెక్క.

ఆహార పరీక్షల ల్యాబ్‌లలో ఇప్పటికీ ఎక్కువగా వాడేది క్వెచర్స్ పద్ధతి (ద్రావణి, లవణాలతో శాంపిల్ నుంచి మందులను త్వరగా లాగే విధానం), శాంపిల్‌ను వడకట్టి మందులను పట్టే మామూలు కార్ట్రిడ్జ్‌లే. మీ పొడిని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఎల్‌సీ-ఎంఎస్‌ను (రసాయనాలను వేరుచేసి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే యంత్రం) సొంతంగా నడపడం, మెథడ్ వ్యాలిడేషన్ (పద్ధతి నమ్మదగినదని పరీక్షలతో నిరూపించడం) చేయడం వస్తే ఆహారం, ఫార్మా, పర్యావరణం, ఫోరెన్సిక్... ఎటైనా వెళ్లొచ్చు.

అందుకని చేరేముందు ఆ ల్యాబ్ సీనియర్లను అడగండి: యంత్రం మీద మనమే కూర్చుంటామా, శాంపిళ్లు బయటికి పంపించి రిపోర్టు తెప్పించుకుంటామా? రెండోదైతే ఇదే అంశానికి మరో గైడ్‌ను వెతుక్కోండి.